మూడు నిమిషాల మాస్టరు

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు నన్ను కొండాపూర్‌లో ఒక మాల్‌కు సినిమాకని తీసుకెళ్ళింది. అసలు సినిమాకు ముందు నాలుగు ట్రైలర్లు వేశారు. నాలుగింటిదీ ఒకటే వరస. మొదట సన్నగా పిల్లనగ్రోవి, తర్వాత కాస్త నిశ్శబ్దం, ఉన్నట్టుండి వంద వయొలిన్లు, వాటి వెనక ఆడవాళ్ళ గుంపు 'ఆ...' అంటూ గొంతు చించుకోవడం, చివర గుండె అదిరే చప్పుడు. సీటు కూడా కదిలింది. మూడో ట్రైలర్‌కి నాకు నవ్వు ఆగలేదు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"ఏంటి పెద్దమ్మా, దెయ్యం సినిమాకి నవ్వుతున్నావు?" అంది అది.

"ఆ 'ఆ...' అనేదాన్ని ఒకప్పుడు నేనేనే" అన్నాను.

నమ్మలేదు. దానికి తెలిసిన పెద్దమ్మ ముప్పై ఏళ్ళకు పైగా సంధులూ సమాసాలూ చెప్పి రిటైరైన మనిషి. ఇంటికొచ్చాక చెప్పమంది గానీ, నేను గొంతు సవరించుకునేలోపు ఆఫీసు కాల్ వచ్చి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అందుకని రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదువుకుంటుంది.

అరవైల చివర్లో నాకు కూకట్‌పల్లి బడిలో తెలుగు టీచరు ఉద్యోగం వచ్చింది. కృష్ణా జిల్లా నుంచి ఒక ట్రంకుపెట్టె పట్టుకుని దిగాను. ఇప్పుడు మెట్రో రైలు పోయే చోట అప్పుడు ఉత్త బొంబాయి రోడ్డు. దానికి ఇటూ అటూ ద్రాక్షతోటలు. వాటి వెనక మాదాపూర్ దాకా బండలే బండలు. ఆ బండల మధ్య సినిమా సంగీతం తయారవుతుందని ఎవరైనా అంటే వాళ్ళకు ఎండదెబ్బ తగిలిందనుకునేదాన్ని.

ఒకరోజు ఏడో తరగతిలో పిల్లల మీద కేకలేస్తున్నాను. కిటికీ అవతల ఒకాయన సైకిలు ఆపి, కళ్ళు మూసుకుని, తల ఊపుతూ వింటున్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, కత్తిరించిన మీసం, జేబులో పెన్ను ఉండాల్సిన చోట గొడుగు పుల్ల. గంట కొట్టాక గేటు దగ్గర పట్టుకున్నాడు.

"పంతులమ్మా, నువ్వు పాడుతవా?"

"పాడనండి. పాఠం చెప్తాను."

"పాటతోని నాకేం పని లేదమ్మ. మాటలు గూడ లేవు. గిప్పుడు పోరగాండ్ల మీద ఒర్లినవు సూడు, గది గావాలె. 'ఆ' అంటే సాలు. గా ఎర్రంగి పోరడు బెంచి కిందికి దూరిండు, సూసినవా? గంత తాకత్ ఉన్నది నీ గొంతుల."

నా సంగీతాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. ఆఖరి మనిషి కూడా ఆయనే.

చిన్నతనంలో నవాబుల సైన్యంలో, ఫౌజు బ్యాండులో క్లారినెట్ వాయించాడట. నవాబుల పాలనతో ఫౌజు పోయింది, క్లారినెట్ మిగిలింది. దాంతో చందానగర్‌లో పెళ్ళి బ్యాండు పెట్టాడు. అందరూ మాస్టర్ అనేవారు. ఆ పెళ్ళి బ్యాండు సినిమా బ్యాండుగా మారడానికి కారణం మావైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ద్రాక్షతోట వేసిన ఒక ఆసామి. తోట బాగా కాసింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి ఆయనకు సినిమా పిచ్చి పట్టింది. సగం సినిమా తీసేవాడు. తీసినంతలో మంచి ముక్కలు ఏరి మూడు నిమిషాల ట్రైలర్ చేయించేవాడు. అది జిల్లాల్లో సినిమా కొని ఆడించే బయ్యర్లకు చూపించి, వాళ్ళ ఉత్సాహం మీద మిగతా సగం తీసేవాడు. సినిమాకు సంగీతం చేసే పెద్దలు మద్రాసులో ఉండేవారు. సగం సినిమాకు, అందులోనూ ట్రైలర్‌కు వాళ్ళెందుకు దిగివస్తారు? ఆ పని మాస్టరుకు దక్కింది. వంట మద్రాసులో, వీధిలోకి కొట్టే పోపు వాసన మాత్రం కూకట్‌పల్లిలో.

రికార్డింగు జరిగేది ద్రాక్షపళ్ళు పెట్టెలకెత్తే షెడ్డులో. గోడకు తెల్లదుప్పటి కట్టి బొమ్మ వేసేవారు. మైకు ఒక్కటే. అందుచేత ఎవరి చప్పుడు ఎంత ఉంటే వాళ్ళు అంత దూరంలో నిలబడాలి. మూడు వయొలిన్లు మైకు పక్కన. నేనూ, బడిలో ఇంకో ఇద్దరు టీచర్లూ బోర్లించిన పళ్ళపెట్టెల మీద. క్లారినెట్లు గుమ్మంలో. ట్రంపెట్ ఆయన బయట తోటలో, పందిరి కింద. పెద్ద డోలు ఇంకా అవతల మోటారు బావి దగ్గర. డోలు వాయించే ఆయనకు షెడ్డు కనపడేది కాదు. మధ్యలో తోట కావలివాడు నిలబడి, మాస్టరు గొడుగు పుల్ల దించగానే ఎర్రగుడ్డ ఊపేవాడు. ట్రంపెట్ ఆయన సికింద్రాబాద్ రైల్వేలో పనిచేసేవాడు. సెలవు పెట్టి వచ్చేవాడు. పందిరి కింద నిలబడ్డ మనిషి ఊరికే ఎలా ఉంటాడు? తన వంతు వచ్చేసరికి నోటినిండా ద్రాక్షపళ్ళు. మా ట్రైలర్లలో సగం వాటిల్లో యుద్ధభేరి కొంచెం తడితడిగా మోగడానికి అదీ కారణం.

మాస్టరుకు ఏదీ ఉన్నదున్నట్టు నచ్చేది కాదు. "జర సుదరాయిద్దాం" అనేవాడు. కాస్త బాగుచేద్దాం అని. బాగుచేయడమంటే ఆయన లెక్కలో ఇంకో డోలు, ఇంకో 'ఆ'. ఒక ట్రైలర్‌లో హీరో అద్దం ముందు తల దువ్వుకుంటాడు. అంతే, ఇంకేమీ లేదు. దానికి మాస్టరు డోళ్ళన్నీ కలిపి మోగించాడు. ఎందుకండీ ఇంత అని అడిగాను.

"దువ్వెన తీసిండంటే ఎటో పోతుండన్నట్టు గద. ఎటు పోతుండు? ఎవరి కోసం పోతుండు? జనం పరేషాన్ గావాలె. టికెట్ కొని తెలుసుకోవాలె."

"ఎటు పోతాడు మరి?"

"నాకేం ఎరుక? గా సీన్ ఇంకా తియ్యలె."

మామూలు మాటల్లో కూడా అదే పద్ధతి. ఒకరోజు పొద్దున బడి దగ్గర సైకిలు ఆపి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. "కోడి గూసినంక లేసిన పంతులమ్మా. ఇంట్ల దీపం లేదు. అర్రలకు అడుగు పెట్టిన. మూలకు బుస్సుమన్నది. ఇంకో అడుగేసిన. ఇంక జోరుగ బుస్సుమన్నది..." అని నా మొహంలోకి చూసి, తల పంకించి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ పూటంతా నాకు పాఠం మీద ధ్యాస లేదు. సాయంత్రం బడి వదలగానే వాళ్ళింటికి పోయాను. ఆయన భార్య బర్రె పాలు పితుకుతోంది. పాము ఏమైందక్కా అని అడిగాను.

"ఏం పాము? పంపు స్టవ్వమ్మా, నేను చాయ్ వెడుతున్న. ఇర్వై ఏండ్ల సంది ఒక్క ముచ్చట పూర్తి చెయ్యలె గీయన" అంది ఆమె, చెంబులో ధార ఆపకుండా.

మా ఆసామి ఒకసారి తోటికోడళ్ళ కథ తీశాడు. ఇల్లు పంచుకునే గొడవ. చివర్లో పెద్దకోడలు పంపకం కాగితం చింపేస్తుంది. ట్రైలర్ కూడా అక్కడే ఆగుతుంది. ఆ చింపుడుకు తగిన చప్పుడు మాస్టరుకు దొరకలేదు. రెండు డోళ్ళు పెట్టి చూశాడు, రేకు డబ్బాలు కొట్టించాడు. తృప్తి కలగలేదు. అంతలో మిట్టమధ్యాహ్నం మాదాపూర్ వైపు క్వారీలో బండ పేల్చారు. అది రోజూ వినిపించేదే. మాస్టరు మాత్రం ఆ రోజే విన్నట్టు లేచి నిలబడ్డాడు.

మర్నాడు క్వారీ మేస్త్రీతో ఒప్పందం కుదిరింది. మందుకు పెట్టే వత్తి ఎంత పొడుగుంటే ఎంతసేపు కాలుతుందో లెక్క కట్టారు. ట్రైలర్ మొదటి నుంచి కాగితం చింపేదాకా మూడు మూరల వత్తి అని తేలింది. సంగీతాన్ని మూరల్లో కొలిచిన వాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. మేస్త్రీ మూడోసారి ఈల వేసి వత్తి అంటిస్తాడు, ఆ ఈల వినగానే మాస్టరు గొడుగు పుల్ల దించుతాడు. బండ రోజుకొక్కటే పేలుతుంది కనక రోజుకొక్కసారే ప్రయత్నం.

మొదటిరోజు వత్తి తొందరపడింది. నా 'ఆ...' మధ్యలో పేలింది. అది 'ఆ...' కాదు, నిజమైన కేక. మాస్టరు అది చాలా బాగుందనీ ఉంచేద్దామనీ పట్టుబట్టాడు. ఆసామి ఒప్పుకోలేదు. రెండోరోజు వత్తి చెమ్మగిల్లి అసలు పేలనే లేదు. పేలుతుందేమోనని అందరం ఆఖరి స్వరం పట్టుకుని నిలబడ్డాం. ట్రంపెట్ ఆయన కళ్ళు తిరిగి పందిరి గుంజ పట్టుకుని కూలబడ్డాడు. మూడోరోజు దుప్పటి మీద కాగితం రెండు ముక్కలైన క్షణానికి బండ పేలింది. షెడ్డు రేకులు గలగలలాడాయి, పళ్ళపెట్టెలు దొర్లాయి. ఆసామి మాస్టరును కావలించుకుని ఏడ్చాడు.

ఆ ట్రైలర్ చూసిన బయ్యర్లు వెంటపడ్డారు. హాల్లో జనం పైకప్పు వంక చూసుకున్నారట. తీరా సినిమా విడుదలయ్యాక వాళ్ళు పద్నాలుగు రీళ్ళూ బాంబు కోసం ఎదురుచూశారు. తోటికోడళ్ళు కుళాయి దగ్గర పోట్లాడుకుంటున్నా, పిల్లకు జ్వరం వచ్చినా, "బాంబెప్పుడురా?" అన్నారు. చివరికి కాగితం 'చిర్' మని చిరిగితే ఒకచోట కుర్చీలు విరగ్గొట్టారు. నేను మాస్టరును నిలదీశాను.

"మోసం కాదా మాస్టర్ ఇది?"

"మోసం గా సినిమాది. నాది గాదు" అన్నాడు. "ఇల్లు పగులుతున్నది గద పంతులమ్మా. గంత సప్పుడు రావాలె. సన్నగ చిర్ మంటే ఎట్ల?"

ఆ మనిషి చెప్పిందాంట్లో నిజముందని ఆ రోజే అనిపించింది, ఒప్పుకోవడానికి మాత్రం నామోషీ అడ్డొచ్చింది.

ఆయనకు ఒకే ఒక్క కోరిక ఉండేది. ట్రైలర్‌లో హీరో పేరు వేస్తారు, హీరోయిన్ పేరు వేస్తారు, సంగీతం అని మద్రాసాయన పేరు వేస్తారు. ఈయన పేరు ఎక్కడా ఉండదు. క్లారినెట్ తుడుచుకుంటూ ఒకసారి అన్నాడు: "లగ్గం బ్యాండ్ల డోలు మీద గూడ పేరు రాసి ఉంటది. ఒక్క సినిమాల నా పేరు పడాలె. పెద్దక్షరాలు వద్దు. మా ఆమె సూడాలె, గంతే. బర్ల పాలు అమ్మి సంసారం ఎల్లదీసింది, నా సప్పుడు భరించింది. నేను తోటల పెట్టెలు మోస్తున్ననే అనుకుంటది ఇంకా."

ఆసామి ప్రతి ట్రైలర్‌కూ ఒకటే మాట చెప్పేవాడు: "ఇది గట్టెక్కనీండి మాస్టారూ, వచ్చే పిక్చరు మీదేనండి." గట్టెక్కాక మద్రాసుకు టెలిగ్రాం కొట్టేవాడు. ఇలా నాలుగు గట్టెక్కాయి. అయిదో దానికి మద్రాసాయనకు ఖాళీ లేకపోయింది. బొమ్మ తయారుగా ఉంది, పాటలు ఎప్పుడో అయిపోయాయి, మాటల వెనక వాయించే సంగీతం మాత్రం మిగిలింది. అది మాస్టరుకు ఇచ్చారు. పేరు కూడా వేస్తామన్నారు. ఆ రోజు ఆయన సైకిలు గేటు దగ్గర పడేసి, అడక్కుండా నా తరగతిలోకి వచ్చి నిలబడ్డాడు. పిల్లలు ఇన్‌స్పెక్టరు అనుకుని లేచి నమస్కారం పెట్టారు. ఆయన వాళ్ళకు తిరిగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

పద్నాలుగు రీళ్ళు. మొదటి రీలు సగమయ్యేసరికే డోలాయన చేతులు బొబ్బలెక్కాయి. ఎవరు తలుపు తీసినా వయొలిన్లు, ఎవరు మెట్లు దిగినా ట్రంపెట్. మూడో రీల్లో హీరోయిన్ కాఫీ కలుపుతుంది. మమ్మల్ని ముగ్గుర్నీ పెట్టెలెక్కించి 'ఆ...' అనమన్నాడు.

"మాస్టర్, ఆవిడ కాఫీ కలుపుతోంది."

"గా కాఫీల విషం ఉన్నదేమో అని జనం అనుకోవాలె."

"ఉందా?"

"లేదు."

"మరి?"

"మరి అంటే? ఏం లేకుంటే జనం లేసిపోతరు గద."

"ఎందుకు పోతారు మాస్టర్? టికెట్ కొనుక్కుని వచ్చి కూర్చున్నారుగా!"

ఆయన గొడుగు పుల్ల దించి నావైపు చూశాడు. అంతవరకూ ఆయన వాయించిందంతా టికెట్ కొననివాళ్ళ కోసమే. కొని కూర్చున్నవాళ్ళకు ఏం వినిపించాలో ఎవరూ ఆయన్ను అడగలేదు. సరే, ఈ సీన్‌కి ఏమీ వద్దన్నాడు. బొమ్మ మళ్ళీ వేశారు. ఆమె గిన్నె తీసింది, పాలు పోసింది. మాస్టరు పుల్ల పైకెత్తి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఖాకీ చొక్కా వీపున తడిసిపోయింది. పంచదార వేసేదాకా ఓర్చుకున్నాడు. ఆమె చెంచా తిప్పగానే పుల్ల దిగింది, ఎర్రగుడ్డ ఊగింది, బావి దగ్గర డోలు మోగింది.

"నాతోని గాదు పంతులమ్మా" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

ఆసామి తన వాళ్ళను పిలిచి ప్రివ్యూ వేశాడు. రెండో రీలు నుంచి నవ్వులు మొదలయ్యాయి. కాఫీ దగ్గర ఒకాయన నవ్వలేక బయటికి పోయాడు. ఏడో రీలుకి కొందరు చెవుల్లో గుడ్డలు కుక్కుకున్నారు. మాస్టరు వెనక మిషను దగ్గర నిలబడి, జనం అంత ఆనందిస్తారని అనుకోలేదని నాతో అన్నాడు. నేను తల ఊపాను.

మర్నాడు ఆసామి కబురంపాడు. "మద్రాసాయన వారంలో చేసిస్తానన్నారండి. మళ్ళీ మొదట్నుంచీ చేయిస్తున్నాను. పేరు కూడా ఆయనదే వేయాలటండి. ట్రైలర్ మాత్రం మన మాస్టారుదే ఉంచుతాను. మీరే కాస్త చెప్పండి టీచరు గారూ, నాకు నోరు రావట్లేదండి."

చెప్తానన్నాను. రెండుసార్లు చందానగర్ వెళ్ళాను. మొదటిసారి ఆయన ఇంటి అరుగు మీద ఊరివాళ్ళను కూర్చోబెట్టి సినిమా కథ సగందాకా చెబుతున్నాడు. రెండోసారి ఆయన లేడు. ఆయన భార్య కొత్త చీర చూపించింది. తనకు చదువు రాదనీ, తెర మీద ఆయన పేరు ఎట్లా గుర్తుపట్టాలో రాసి చూపించమనీ బొగ్గు ముక్క నా చేతికిచ్చింది. గోడ ముందు కూర్చుని ఆ బొగ్గును చేతుల్లో తిప్పాను.

"తెర మీద పడ్డప్పుడు నేనే చూపిస్తాలే అక్కా" అన్నాను.

నోరు పెద్దదని ఆయన నన్ను పనిలో పెట్టుకున్నాడు. అవసరమైన రోజున ఆ నోరు పెగల్లేదు. ఇంతకంటే పిరికి పని నా జన్మలో ఇంకొకటి చేయలేదు.

సినిమా చందానగర్ డేరా టాకీసుకు వచ్చింది. మొదటి ఆటకు ఊరంతా కదిలింది. టాకీసాయన మాస్టరు మీది గౌరవం కొద్దీ ముందు మూడు కుర్చీలు వేయించాడు. ఆయనొకటి, ఆమె ఒకటి, ఆమెకు ఇటువైపు నేను. మాస్టరు ఖాకీ చొక్కా మానేసి తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. దీపాలు ఆరాయి. పేర్లు మొదలయ్యాయి. హీరో, హీరోయిన్, మాటలు, పాటలు. తర్వాత 'సంగీతం' అని పడి, దాని కింద మద్రాసాయన పేరు పడింది. పెద్దక్షరాలు.

మాస్టరు ఒక్కసారి తల తిప్పి నన్ను చూశాడు. నేను ఉలిక్కిపడలేదు కనక నాకు ముందే తెలుసని ఆయనకు తెలిసిపోయింది. చెయ్యెత్తి తెర వైపు చూపించి, భార్యతో "గదే" అన్నాడు.

ఆమె నా మోచేయి పట్టుకుంది. "నిజంగనా పంతులమ్మా? మా ఆయన పేరేనా గది?"

అక్షరాలు నేర్పి బతికేదాన్ని నేను. "అవునక్కా, ఆయన పేరే" అన్నాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సినిమా నడిచింది. మూడో రీల్లో హీరోయిన్ కాఫీ కలపడానికి గిన్నె తీసింది. ఏ డోలూ మోగలేదు. గిన్నె చప్పుడు, పాలు పోసిన చప్పుడు. చాలాసేపటికి ఎక్కడో దూరంగా ఒక్క వీణ తీగ మోగి ఊరుకుంది. డేరాలో దగ్గేవాడు కూడా లేడు.

"గిప్పుడు మంచిగ వాయించినవయ్యా" అంది ఆమె ఆయన వైపు వంగి. "ఇన్నేండ్లు చెవులు పలగ్గొట్టినవు గని, గిట్ల గూడ వస్తదా నీకు?"

ఆయన భార్య ఆయన సంగీతాన్ని మెచ్చుకోవడం అదే మొదటిసారి. నేను తల వంచుకున్నాను.

"నచ్చిందా?" అన్నాడాయన.

"నచ్చింది."

ఆయన తెర వైపు తిరిగాడు.

"అయితే సప్పుడు జెయ్యకుండ ఇను" అన్నాడు.